పీసీ గేమ్ చవగ్గా కొనడం: పెట్టె తెచ్చుకోవాలా, డౌన్‌లోడ్ చేసుకోవాలా?

2015లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5 పీసీకి వచ్చినప్పుడు పెట్టెలో 7 డీవీడీలు ఉండేవి. ఒకటి పెట్టడం, సగం సేపు పర్సెంటేజీ చూస్తూ కూర్చోవడం, తీసి ఇంకోటి పెట్టడం. ఏడోది అయ్యేసరికి నాకు ఒక పూట గడిచిపోయింది. తీరా ఆట తెరిస్తే ముందు ఆన్‌లైన్ ఖాతా తెరవమంది, ఆ తర్వాత అప్‌డేట్లు దించుకోమంది. అదే ఏడాది వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ 5 ఇంకా విచిత్రం. పీసీ పెట్టెలో డిస్క్ ఉంది, డిస్క్‌లో ఆట లేదు. ఉన్నదల్లా స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌కు చెందిన 8 ఎంబీల ఇన్‌స్టాలర్. 2020లో సైబర్‌పంక్ 2077కి ఆ మొహమాటం కూడా లేదు. పీసీ పెట్టెలో ఆట డిస్క్‌కు బదులు డౌన్‌లోడ్ కోడ్ పెట్టారు.

అందుకే "డిస్క్ మంచిదా, డౌన్‌లోడ్ మంచిదా" అని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఆ ఆట తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? మీ దగ్గరా, కంపెనీ సర్వర్‌లోనా? డిస్కౌంట్ 80 శాతమా 50 శాతమా అన్నది ఆ తర్వాత మాట. కింద చెప్పిన వరుసలో వెళ్తే, ఏది కొంటున్నారో తెలిసి కొంటారు.

మొదట ఇంటి నెట్ లెక్క

100 ఎంబీపీఎస్ కనెక్షన్ అంటే సెకనుకు 100 ఎంబీ రావు, పన్నెండున్నర ఎంబీలు వస్తాయి. ఎంబీపీఎస్‌లో ఉండేవి మెగాబిట్లు, వాటిని 8తో భాగిస్తేనే మనకు తెలిసిన ఎంబీలు. ఆ లెక్కన 100 జీబీల ఆట దిగడానికి దాదాపు రెండుంపావు గంటలు. 40 ఎంబీపీఎస్ అయితే అయిదున్నర గంటలు. రాత్రి పడుకునేటప్పుడు పెడితే పొద్దునకు సిద్ధం. ఇంట్లో ఫైబర్ ఉంటే ఇక ఈ విషయంలో టెన్షన్ అక్కర్లేదు.

ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికేవాళ్ల సంగతి వేరు. రోజుకు 2 జీబీల ప్యాక్‌తో అదే ఆట దించాలంటే 50 రోజులు, అదీ ఆ 50 రోజులూ వాట్సాప్ కూడా చూడకుండా. ఇలాంటి ఊళ్లలో ఉన్నవాళ్లే "డిస్క్ అయితే నయం కదా" అనుకుంటారు. కొత్త ఆటల విషయంలో ఆ ఆశ నిలబడదు. పైన చెప్పినట్టు పెట్టెలో కోడ్ ఉంటే అదే 100 జీబీలు మళ్లీ మీరే దించుకోవాలి. డిస్కులు నిజంగా ఉన్నా, అప్‌డేట్లే పదుల జీబీలు ఉండొచ్చు.

దీనికి పనికొచ్చే దారి ఒకటుంది. పండక్కో పనిమీదో సిటీకి వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి, ఫైబర్ ఉన్న స్నేహితుడి ఇంట్లో దించుకోవడం. ఆ స్నేహితుడి కంప్యూటర్‌లో అదే ఆట ముందే ఉంటే ఇంకా సులువు. 2023 నుంచి స్టీమ్‌లో ఒకే వైఫై మీదున్న రెండు కంప్యూటర్ల మధ్య ఆట ఫైళ్లు పంపుకునే సదుపాయం ఉంది. సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ కింద అది కనిపిస్తుంది, అక్కడ స్నేహితులకు అనుమతి ఇవ్వాలి. ఆటను మాత్రం ఎవరి ఖాతాలో వాళ్లు కొనుక్కోవాల్సిందే. ఫైళ్లు కాపీ అవుతాయి, హక్కు కాపీ అవ్వదు.

స్థలం కూడా చూసుకోండి. బల్డర్స్ గేట్ 3 ఒక్కటే 150 జీబీలు అడుగుతుంది. 512 జీబీల ల్యాప్‌టాప్‌లో విండోస్ పోగా అలాంటివి రెండు పడితే గొప్ప. ఇప్పటి చాలా పెద్ద ఆటలు ఎస్ఎస్‌డీ తప్పనిసరి అంటున్నాయి కాబట్టి పాత ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మీద నడిపిద్దామన్నా కుదరదు. ఇక కొత్త ల్యాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవ్ ఉండటం లేదు. పెట్టె చవగ్గా దొరికిందని కొని, దాన్ని తెరవడానికి యూఎస్‌బీ డ్రైవ్ ఇంకోటి కొంటే ఆ మిగిలిన డబ్బు అక్కడికక్కడే సరి.

పెట్టె వెనక సన్న అక్షరాలు

ఆన్‌లైన్‌లో గానీ షాపులో గానీ పీసీ గేమ్ పెట్టె కనిపిస్తే ముందు వైపు బొమ్మ చూడకండి, వెనక్కి తిప్పండి. అక్కడ సన్నగా రాసి ఉండే రెండు మూడు వాక్యాల్లోనే అసలు సంగతి ఉంటుంది. పీసీ పెట్టెలు మూడు రకాలు.

మొదటి రకం పూర్తి ఆట డిస్క్‌లోనే ఉండేవి. సీరియల్ కీ మాన్యువల్ వెనకో, కవర్ లోపలో ముద్రించి ఉంటుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు. 2000ల మొదట్లో వచ్చినవన్నీ దాదాపు ఇవే. రెండో రకంలో డిస్క్ ఉంటుంది, కానీ దాని కీని స్టీమ్‌లోనో మరో ఆన్‌లైన్ ఖాతాలోనో నమోదు చేస్తే తప్ప ఆట తెరుచుకోదు. ఈ పద్ధతిని జనానికి బలవంతంగా అలవాటు చేసింది 2004 నవంబర్‌లో వచ్చిన హాఫ్ లైఫ్ 2. డిస్క్ కొన్నవాళ్లు కూడా స్టీమ్ ఖాతా తెరవాల్సి వచ్చింది, అప్పట్లో చాలామంది తిట్టుకున్నారు. మూడో రకం వట్టి కోడ్. ఈ రోజు కొత్త పీసీ పెట్టె అంటే ఎక్కువగా ఇదే.

రెండో రకం, మూడో రకం ఒకసారి వాడాక చచ్చిన కోడ్‌తో సమానం. కీ ఎవరి ఖాతాలో ఎక్కితే ఆట వాళ్లదే. ప్లేస్టేషన్ డిస్క్ ఆడేసి ఎవరికైనా అమ్ముకోవచ్చు, సగం డబ్బు చేతికొస్తుంది. ఆ అలవాటుతో పీసీ డిస్క్ కొంటే దెబ్బ తింటారు. నేను తిన్నాను. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర మంచి డిస్కౌంట్ ఉందని ఒక పెట్టె తెప్పించాను. పైన ప్లాస్టిక్ కవర్ కొత్తగానే ఉంది. లోపల స్క్రాచ్ కార్డు మీద కోడ్ కొడితే "ఇది ఇప్పటికే వాడేశారు" అని వచ్చింది. గీకిన కార్డును ఎవరూ వెనక్కి తీసుకోరు, కొత్తదో పాతదో రుజువు చెయ్యడానికి నా దగ్గర ఏమీ లేదు. అప్పటి నుంచి కోడ్ ఉన్న ఏ పార్సిల్ అయినా వీడియో తీస్తూ తెరుస్తాను. అతి అనిపించొచ్చు, కానీ ఫిర్యాదు చెయ్యాల్సి వస్తే చేతిలో ఉండేది అదొక్కటే.

మొదటి రకంలో కూడా ఒక మెలిక ఉంది. పాత డిస్కుల్లో సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉండేది. అది పనిచెయ్యడానికి విండోస్ లోపల ఒక డ్రైవర్ కావాలి. భద్రతా కారణాలతో మైక్రోసాఫ్ట్ 2015లో విండోస్ 10 నుంచి దాన్ని తీసేసింది. డిస్క్ మీద గీత కూడా లేకపోయినా ఆ ఆట అసలు తెరుచుకోదు. పెట్టె మీ బీరువాలోనే ఉంటుంది, తాళం వేరేవాళ్లు మార్చేశారు.

డౌన్‌లోడ్ కొంటే చేతికొచ్చేది

2024 చివర్లో స్టీమ్‌లో డబ్బు కట్టే పేజీలో కొత్తగా ఒక వాక్యం చేరింది. మీరు కొంటున్నది ఆ ఉత్పత్తికి లైసెన్స్ మాత్రమే అని. అమెరికాలోని కాలిఫోర్నియా చేసిన చట్టం ఒకటి 2025 జనవరి 1 నుంచి అమల్లోకి రానుండగా ఇది కనిపించింది. నిజానికి లైసెన్స్ అన్నది మొదటి నుంచీ ఉన్న మాటే, ఇప్పుడు పైకి చెప్పారంతే.

ఒక ఆట స్టోర్‌లోంచి మాయమయ్యేది ఒక దారి, కొన్నవాళ్ల చేతిలోంచే పోయేది ఇంకో దారి, వాటిని కలిపేసి కంగారు పడకూడదు. ఒకటి, ఆటను స్టోర్‌లో అమ్మకం ఆపెయ్యడం. కార్ల బ్రాండ్ల ఒప్పందాలో పాటల హక్కులో ముగిస్తే ఇలా జరుగుతుంది. ఫోర్జా హొరైజన్ 4 అమ్మకం 2024 డిసెంబర్‌లో ఆగిపోయింది, కానీ ముందే కొన్నవాళ్లు ఇప్పటికీ దించుకుని ఆడుతున్నారు. రెండోది, సర్వర్ మూసెయ్యడం. యూబీసాఫ్ట్ కంపెనీ ద క్రూ అనే ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది. ఒంటరిగా ఆడుకునేవాళ్లకు కూడా సర్వర్ తప్పనిసరి కావడంతో ఆట మొత్తం పోయింది. డిస్క్ కొన్నవాళ్లకూ అంతే, డౌన్‌లోడ్ చేసినవాళ్లకూ అంతే. కాబట్టి స్టోర్ పేజీలో "ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఉండాలి" అన్న మాట ఉంటే, అది ఎంత చవగ్గా ఉన్నా కొన్నాళ్ల అద్దెగా లెక్కేసుకుని ధర కట్టండి.

దీనికి నిజమైన మినహాయింపు జీఓజీ అనే స్టోర్. పోలండ్‌లో 2008లో మొదలైంది. అక్కడి ఆటలకు డీఆర్ఎం, అంటే కాపీ తాళం, ఉండదు. కొన్నాక ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఫైళ్లు దించుకుని హార్డ్ డిస్క్‌లో దాచుకుంటే, రేపు ఆ స్టోర్ లేకపోయినా ఆట ఇన్‌స్టాల్ అవుతుంది. నా ఉద్దేశంలో పాత కాలపు డిస్క్‌కు అసలైన వారసుడు ఇప్పటి పెట్టె కాదు, ఈ ఇన్‌స్టాలర్ ఫైలు. ఇబ్బందల్లా ధర దగ్గర. అక్కడ మనకు డాలర్లలో కనిపిస్తుంది, దాని మీద బ్యాంకు మారకపు చార్జీ పడుతుంది. స్టీమ్‌లో 2015 నుంచి రూపాయల్లోనే ధరలు ఉన్నాయి, చాలా ఆటలకు అమెరికా కంటే తక్కువగా కూడా. నేను పాటించే పద్ధతి ఇది: కథ ఉన్న, ఒంటరిగా ఆడుకునే ఆట రెండు చోట్లా ఇంచుమించు ఒకే ధరకు ఉంటే జీఓజీ. తేడా బాగా ఉంటే, లేదా స్నేహితులతో ఆడేదైతే స్టీమ్.

డిస్క్ అయితే తమ్ముడికి ఇవ్వొచ్చు కదా అంటారా? స్టీమ్‌లో ఫ్యామిలీస్ అని ఉంది. ఒకే ఇంట్లో ఉండే 6 మంది వరకు తమ ఆటలు పంచుకోవచ్చు. అన్న ఒక ఆట ఆడుతుంటే తమ్ముడు అన్న ఖాతాలోని ఇంకో ఆట ఆడుకోవచ్చు, ఇద్దరూ ఒకే ఆట కావాలంటే మాత్రం రెండు కాపీలు ఉండాలి. తమ్ముడు ఆన్‌లైన్‌లో మోసం చేసి బ్యాన్ తెచ్చుకుంటే ఆట సొంతదారు అయిన అన్నకూ బ్యాన్ పడుతుంది. ఎవరిని చేర్చుకుంటున్నారో చూసుకోండి.

ఆ డిస్కౌంట్ శాతం నిజమేనా

డిస్కౌంట్ శాతం చూసి కొనడం చీరల షాపు ముందు బోర్డు చూసి లోపలికి పోవడం లాంటిదే. చూడాల్సింది ఈ ఆట ఇంతకు ముందు ఎంత తక్కువకు వచ్చింది అని. స్టీమ్‌డీబీ అనే సైట్‌లో ఆట పేరు కొడితే రూపాయల్లో ధర చరిత్ర మొత్తం గీతలా కనిపిస్తుంది, అతి తక్కువ ధర ఎంతో, ఏ తేదీనో సహా. ఇజ్‌దేర్‌ఎనీడీల్ అనే ఇంకో సైట్ వేర్వేరు స్టోర్ల ధరలు పక్కపక్కన పెడుతుంది. ఈ రెండూ చూడటానికి రెండు నిమిషాలు పట్టదు.

ఆ గీతను కొంచెం చదవడం నేర్చుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. ప్రతి మూడు నెలలకూ ఒకే ధరకు దిగుతుంటే, తొందర అనవసరం, మళ్లీ దిగుతుంది. మెట్లు మెట్లుగా కిందికి వస్తుంటే ఇంకో ఏడాది ఆగితే ఇంకా తగ్గుతుంది. అసలు ధరనే కొన్నాళ్ల కిందట పెంచి ఇప్పుడు శాతం ఎక్కువ చూపిస్తుంటే గీతలో ఆ ఎత్తు కనిపిస్తుంది. స్టీమ్ నిబంధన ప్రకారం ఆట విడుదలైన 30 రోజుల లోపు, విడుదల రోజు తగ్గింపు తప్ప, మళ్లీ తగ్గించకూడదు. మామూలుగా ఒక తగ్గింపు ముగిశాక ఇంకోటి పెట్టాలన్నా 30 రోజుల ఎడం ఉండాలి, సీజన్ సేల్స్‌కు మాత్రం సడలింపు ఉంది. ఆ సీజన్ సేల్స్ ఏడాదికి నాలుగు. జూన్ చివర్లో వచ్చే సమ్మర్ సేల్, డిసెంబర్ చివర్లో వచ్చే వింటర్ సేల్ పెద్దవి. ఒకప్పుడు సేల్ మధ్యలో కొన్ని గంటలే ఉండే ఫ్లాష్ ధరలు ఉండేవి, అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచేవాళ్లం. ఇప్పుడవి లేవు. సేల్ మొదటి రోజు ఎంతో చివరి రోజూ అంతే, నిదానంగా ఆలోచించి కొనండి.

విష్‌లిస్ట్‌లో వేసి ఉంచితే ధర తగ్గినప్పుడు మెయిల్ వస్తుంది. నేను ఒక నియమం పెట్టుకున్నాను, విష్‌లిస్ట్‌లో లేనిది సేల్‌లో కొనను. ఈ నియమాన్ని ఎన్నిసార్లు తప్పానో చెప్పడం మాత్రం ఇక్కడ అనవసరం.

పెట్టె ధరతో పోల్చేటప్పుడు ఎడిషన్ చూడండి. షాపులో పాత పెట్టె 999కి ఉండి, స్టీమ్‌లో 1,199 కనిపిస్తే పెట్టె చవక అనిపిస్తుంది. ఆ పెట్టెలో మొదట వచ్చిన ఆట ఒక్కటే ఉండి, డౌన్‌లోడ్‌లో తర్వాతి అదనపు భాగాలు కలిసి ఉంటే లెక్క తిరగబడుతుంది. బండిల్, అంటే కొన్ని ఆటలు కలిపి అమ్మే కట్ట, కొనేటప్పుడు ఇంకో సంగతి: స్టీమ్‌లోని చాలా బండిల్స్‌లో మీ దగ్గర ఇప్పటికే ఉన్న ఆట ధరను తీసేసి మిగతా వాటికే లెక్క వేస్తారు. పెట్టెల సెట్‌కు ఆ సౌకర్యం ఉండదు.

కొనేముందు ఎపిక్ గేమ్స్ స్టోర్ కూడా ఒకసారి చూడండి. 2018 డిసెంబర్‌లో మొదలైన దగ్గర్నుంచి ఉచితంగా ఆటలు పంచుతోంది. 2020 మే నెలలో గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5నే ఊరికే ఇచ్చింది. నా 7 డీవీడీల వైపు ఆ రోజు చూడబుద్ధి కాలేదు.

సగం ధరకు కీ అమ్మేవాళ్లు

హంబుల్, ఫనాటికల్, గ్రీన్ మ్యాన్ గేమింగ్ లాంటివి ప్రచురణకర్తల నుంచి నేరుగా కీలు తెచ్చుకుని అమ్మే స్టోర్లు. వీటిలో కొనొచ్చు, అయితే ఆ కీ భారత్‌లో పనిచేస్తుందో లేదో పేజీలో చూసి మరీ కొనాలి. ఇంకో రకం సైట్లు ఉన్నాయి. అక్కడ స్టోర్ అమ్మదు, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి అమ్ముతాడు. ఆ కీలు కొన్నిసార్లు దొంగిలించిన కార్డులతో కొన్నవి. ఫ్యాక్టోరియో ఆట తయారుచేసిన వూబ్ సాఫ్ట్‌వేర్ ఫిర్యాదు మీద, జీ2ఏ అనే సైట్ సొంతంగా విచారణ జరిపి, దొంగ కీలు తన ద్వారా అమ్ముడైన మాట నిజమేనని ఒప్పుకుని 2020లో ఆ కంపెనీకి దాదాపు 40,000 డాలర్లు కట్టింది. అలాంటి కీని అసలు కంపెనీ రద్దు చేస్తే మీ ఖాతాలోంచి ఆట మాయమవుతుంది. వందో రెండొందలో మిగులుతుందని ఆ పక్కకు పోవద్దు.

డబ్బు కట్టడం

స్టీమ్‌లో యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డులు నడుస్తాయి. డాలర్ ధర ఉన్న స్టోర్లలో కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉండాలి. కొత్త కార్డుల్లో అది ఆఫ్‌లో వస్తుంది, బ్యాంకు యాప్‌లో మార్చుకుని, పని అయ్యాక మళ్లీ ఆపెయ్యండి.

అమెరికాలో చదువుకుంటున్న తెలుగు పిల్లలు ఇంటికి ఫోన్ చేసి "అక్కడ చవక కదా, కొని గిఫ్ట్ పంపు" అనడం మామూలే. ధరల తేడా ఎక్కువ ఉన్న దేశాల మధ్య స్టీమ్ గిఫ్ట్ వెళ్లదు. వీపీఎన్ పెట్టి దేశం మార్చి కొంటే ఖాతాకే ముప్పు. వెళ్లేముందు ఇక్కడ రూపాయల్లో కొనుక్కున్న ఆటలు మాత్రం ఖాతాతో పాటు వెంటే వస్తాయి. సామాను బరువు కూడా పెరగదు.

రీఫండ్ గడియారం

డౌన్‌లోడ్‌కు నా ఓటు ఎక్కువగా పడేది ఇక్కడే. స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే, కారణం ఏదైనా డబ్బు వెనక్కి ఇస్తారు. ఎపిక్‌లోనూ ఇంచుమించు ఇదే నియమం. జీఓజీలో 30 రోజులు. విప్పిన పెట్టెను ఏ షాపూ తీసుకోదు.

ఈ 2 గంటలను జాగ్రత్తగా వాడుకోవాలి. ఆట తెరిచి టీ తాగడానికి వెళ్లినా ఆ నిమిషాలు లెక్కలో పడతాయి. అందుకని మొదటి 20 నిమిషాలు కథ వదిలేసి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. మీ కంప్యూటర్‌లో సాఫీగా నడుస్తోందా, కంట్రోలర్ పనిచేస్తోందా, బాగా గందరగోళంగా ఉండే సీన్‌లో ఆగిపోతోందా చూడండి. నడవకపోతే ఆ రోజే అప్లై చెయ్యండి. పూర్తి ధరకు కొన్న మూడో రోజే సేల్ వస్తే? రీఫండ్ తీసుకుని సేల్ ధరకు మళ్లీ కొనుక్కోండి, దాన్ని తాము దుర్వినియోగంగా చూడబోమని స్టీమ్ నిబంధనల్లోనే రాసి ఉంది. బయటి స్టోర్‌లో కొని స్టీమ్‌లో వేసుకున్న కీకి మాత్రం స్టీమ్ డబ్బు ఇవ్వదు, అమ్మినవాళ్లనే అడగాలి.

డిస్క్ కొనాల్సిన సందర్భం

ఇంత చెప్పాక కూడా నేను డిస్కులు కొంటాను, అదీ సెకండ్ హ్యాండ్‌లో. ఎందుకంటే కొన్ని ఆటలు ఇంకే దారిలోనూ దొరకవు. 2005లో వచ్చిన నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్‌ను మన ఇంటర్నెట్ సెంటర్లలో ఆడని కుర్రాడు ఉండడు. ఈ రోజు దాన్ని న్యాయంగా కొందామంటే పీసీ డిజిటల్ స్టోర్లలో లేదు. స్టీమ్‌లో అదే పేరుతో ఉన్నది 2012లో వచ్చిన వేరే ఆట. అసలుది కావాలంటే పాత డిస్కే గతి, అదీ పైన చెప్పిన సేఫ్‌డిస్క్ మెలిక చూసుకుని.

సెకండ్ హ్యాండ్ డిస్క్ కొనేటప్పుడు నేను చూసే వరుస ఇది. మొదట, అది ఆన్‌లైన్ ఖాతా అడిగే రకమా అని వెతుకుతాను. అడిగేదైతే అక్కడితో ఆపేస్తాను. తర్వాత మాన్యువల్ ఉందా, దాని మీద కీ చదవగలిగేలా ఉందా. కీ లేని డిస్క్ ఉచితంగా ఇచ్చినా వద్దు. అన్ని డిస్కులూ ఉన్నాయా లెక్కపెట్టుకోవాలి, రెండో డిస్క్ లేని పెట్టెలే ఎక్కువగా తిరుగుతుంటాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట నేరుగా కొంటుంటే డిస్క్‌ను ట్యూబ్‌లైట్ కింద పట్టి చూడండి. కింది వైపు సన్న గీతలు ఉంటే ఫర్వాలేదు, పాలిష్‌తో సర్దుకుంటాయి. సీడీ అయితే పైవైపు, బొమ్మ ఉన్న వైపు, చూడటం ముఖ్యం. సీడీలో సమాచారం ఉండే పొర ఆ బొమ్మకు సరిగ్గా కిందే ఉంటుంది. అక్కడ పెచ్చు ఊడి లైటు ఇటునుంచి అటు కనిపిస్తే ఆ ముక్క ఇక తిరిగి రాదు. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి కాస్త గట్టిది.

ఇంటికి తెచ్చిన రోజే కంప్యూటర్‌లో దాన్ని ఐఎస్ఓ ఫైలుగా, అంటే డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా, కాపీ తీసి, జీఓజీ ఇన్‌స్టాలర్లు దాచిన హార్డ్ డిస్క్‌లోనే పెట్టండి. కాపీ రక్షణ ఉన్నవి ఇలా పూర్తిగా రావు, మామూలువి వస్తాయి. కీని ఫోన్‌తో ఫొటో తీసి అదే ఫోల్డర్‌లో వెయ్యండి. సీడీ మీద మాత్రం బాల్ పెన్‌తో రాయకండి. ఆ ఒత్తిడి పడేది సమాచారం ఉన్న పొర మీదే.